అధికారి కాగితమా, పెద్దల నోటిమాటా: ఆఫ్రికా చరిత్రకు ఏది మేలు?

ఉత్తర ఘానాలోని గోంజా రాజ్యం పుట్టుక కథను 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వారు రాసుకున్నారు. మూలపురుషుడు న్డెవురా జక్పాకు ఏడుగురు కొడుకులు. తలా ఒక సీమ పంచి ఇచ్చాడు. అప్పుడు గోంజాలో ఉన్నవీ ఏడు సీమలే. తర్వాత రెండు కనుమరుగయ్యాయి. దండెత్తి వచ్చిన సమోరీ అనే పాలకుడి పక్షం దాని ఏలికలు వహించారని ఒక సీమను పక్కదానిలో కలిపేశారు, ఇంకొకటి బ్రిటిష్ వారి సరిహద్దు మార్పుల్లో పోయింది. అరవై ఏళ్లకు అదే కథను మళ్లీ సేకరిస్తే జక్పాకు కొడుకులు ఐదుగురే!

ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. ఎవరు ఎక్కడ ఏలాలో చెప్పడమే ఆ కథ పని. ఏలడానికి సీమే లేకపోయాక దాని మూలపురుషుడు కూడా జ్ఞాపకంలోంచి జారిపోయాడు. పాత కాగితం లేకుంటే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు. కాబట్టి ఫలానా కాలంలో జనం ఏం చెప్పుకున్నారన్న ప్రశ్నకు నేను కాగితాన్నే నమ్ముతాను. జక్పాకు నిజంగా ఏడుగురు కొడుకులున్నారా అంటే మాత్రం నమ్మను. అది కూడా ఆనాటి సీమలకు సరిపెట్టిన లెక్కే కావచ్చు.

దక్షిణ సూడాన్‌లో పశువులు మేపుకు బతికే న్యూయర్ జాతి వారి విషయానికొస్తే తూకం మారిపోతుంది. మానవశాస్త్రజ్ఞుడు ఇవాన్స్-ప్రిచర్డ్ 1930లో అప్పట్లో బ్రిటిష్ వారు నడిపిన సూడాన్ ప్రభుత్వం కోరిక మీదే అక్కడికి వెళ్లాడు. అంతకు రెండు మూడేళ్ల ముందే ఆ ప్రభుత్వం, న్యూయర్ల ప్రవక్త న్గుండెంగ్ కట్టించిన మట్టిదిబ్బ మీద విమానాలతో బాంబులు వేయించింది. 1929లో ఆయన కొడుకు గ్వెక్‌ను సైనికులు చంపారు. అలాంటి చోట పరాయివాడు వచ్చి నీ వంశం పేరేమిటని అడిగితే ఎవరు చెబుతారు? 'చెబితే ఏం చేసుకుంటావు, మీ దేశానికి పట్టుకుపోతావా?' అని ఒక న్యూయర్ ఎదురడిగాడు. ఈ సంభాషణను దాచకుండా అచ్చువేసినందుకు ఇవాన్స్-ప్రిచర్డ్‌ను గౌరవిస్తాను. కానీ 1940లో వచ్చిన ఆయన పుస్తకంలో ప్రధానంగా కనిపించేది పాలకులు లేకున్నా తనంతట తాను సమతూకం నిలుపుకునే సమాజం. బాంబుల కాలం అంచుకు జరిగిపోయింది. పశువుల గురించి, రుతువులను బట్టి విడిది మార్చడం గురించి ఆయన రాసింది ఈనాటికీ విలువైనదే. న్యూయర్ల రాజకీయ చరిత్ర కోసం మాత్రం అదొక్కటే చదివితే మోసపోతాం. న్గుండెంగ్ పాటలను న్యూయర్లు తరతరాలుగా పాడుకుంటూ నిలబెట్టుకున్నారు. ఆ విషయంలో నేను ముందు వినేది ఆ పాటలనే.