సైప్రస్ మోకాళ్ళు చూద్దామని లూసియానా వెళ్ళొచ్చాం

అత్తయ్యగారు, మావయ్యగారు ఇక్కడే ఉన్నారు కదా, విమానాల గొడవ వద్దని థాంక్స్‌గివింగ్ సెలవుల్లో హ్యూస్టన్ నుంచి కారులోనే లూసియానాలోని బ్రో బ్రిడ్జి అనే ఊరికి, అక్కడి సైప్రస్ చెట్ల మోకాళ్ళు చూడ్డానికి వెళ్ళొచ్చాం. ఐ-10 హైవే మీద సుమారు 220 మైళ్ళు, మధ్యలో రెండుసార్లు ఆగితే నాలుగు గంటలు దాటింది.

మొదటి రాత్రి హైవే పక్కన మోటెల్. పేరు రాయను కానీ, సిగరెట్ వాసన లేని గది అని బుక్ చేస్తే తలుపు తీయగానే గుప్పుమంది, మార్చమంటే ఖాళీల్లేవన్నారు. రెండో రాత్రికి నీటి ఒడ్డున చిన్న కాబిన్ తీసుకున్నాం, దానికంటే 50 డాలర్లు ఎక్కువే అయినా స్టవ్ ఉంది, రైస్ కుక్కర్ పెట్టుకున్నాం. శాకాహారులైతే ఇలాంటిదే చూసుకోండి, ఇక్కడ మామూలు బీన్స్ కూరలో కూడా మాంసం వేస్తారు. మేము రెండు పూటలూ గోంగూర పచ్చడి, పెరుగన్నంతో కానిచ్చేశాం.

పొద్దున్నే లేక్ మార్టిన్. సైప్రస్ చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి, చుట్టూ వేళ్ళ నుంచి పైకి పొడుచుకొచ్చిన మొనలు, వాటినే మోకాళ్ళు అంటారు. కోరంగి మడ అడవిలో బురదలోంచి లేచే వేళ్ళు చూసినవాళ్ళకి వెంటనే అవే గుర్తొస్తాయి, కాకపోతే ఇవి లావుగా, కొన్ని నడుమెత్తున ఉంటాయి. ఇవి ఎందుకొస్తాయన్నది శాస్త్రవేత్తలకే ఇంకా తేలలేదు. గాలి కోసమని కొందరు, బురదలో చెట్టు ఒరగకుండా అని కొందరు. నవంబరులో ఆకులు తుప్పు రంగుకి తిరిగి రాలిపోతుంటాయి, చూడ్డానికి అదే మంచి సమయం. మొసళ్ళ కోసమైతే ఎండాకాలం వెళ్ళాలి, పడవ టూరులో రెండు గంటలు తిరిగితే మాకు కనిపించింది ఒక్కటి, అదీ ముక్కు మాత్రమే. రెండేళ్ళ క్రితం చూసిన టెక్సాస్ కాడో లేక్ ఇంతకంటే విశాలం, అక్కడి స్టేట్ పార్కులో 1930లలో కట్టిన కాబిన్లు కూడా ఉన్నాయి, కుర్రాళ్ళైతే అక్కడికే వెళ్ళండి. పెద్దవాళ్ళతో అయితే నా ఓటు లేక్ మార్టిన్‌కే, ఒడ్డు వెంబడి రోడ్డుంది, కారు దిగకుండానే చాలా కనిపిస్తుంది.

అసలు మజా మధ్యాహ్నం వచ్చింది. మోకాళ్ళతో బొమ్మలు చెక్కే ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్ళాం. తన సొంత స్థలంలోవే కోస్తాడట, పార్కుల్లో కోస్తే నేరం. కోసినదాన్ని పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోసి మరిగిస్తాడు. వేడిగా ఉండగా మొద్దు కత్తితో గీకితే ఉడికిన చిలగడదుంప తొక్కలా బెరడు ఊడొస్తుంది, లోపల మీగడ రంగులో నున్నటి చెక్క. తర్వాత నెలల తరబడి నీడలో ఆరాలి, తొందరపడితే పగుళ్ళే.

షెడ్డు నిండా శాంటా తాతలే. ఎందుకో చూడగానే అర్థమైంది, కింద వెడల్పు పైన మొన కదా, మొన టోపీ అయిపోతుంది, కింది మడతలు గడ్డం అయిపోతాయి, చెక్కేది మధ్యలో మొహం ఒక్కటే. అందులోనూ ముందు ముక్కు. అటొక గాటు, ఇటొక గాటు పెట్టి చెక్క లేపేస్తే మధ్యలో ముక్కు నిలబడుతుంది, పక్కనే కళ్ళ గుంటలు వాటంతటవే వచ్చేస్తాయి.

మావయ్యగారిది ఇబ్రహీంపట్నం, కొండపల్లి బొమ్మల మధ్యే పెరిగారు. ఒక ముక్క తీసుకుని గోరుతో నొక్కి చూసి, "మన పొణికి చెక్క కంటే గట్టిదేనమ్మా, కానీ కత్తికి లొంగుతుంది" అన్నారు. "మనవాళ్ళు చేతులూ కాళ్ళూ వేరే చెక్కి మక్కు అనే జిగురు ముద్దతో అతికి రంగులేస్తారు. ఈయన ఉన్నదాంట్లోంచే మనిషిని బయటికి లాగుతున్నాడు చూడు." మా ఆయన అది ఇంగ్లీషులో చెప్పగానే పెద్దాయన నవ్వి, పగిలిన మోకాలొకటి, కత్తి ఒకటి మావయ్యగారి చేతిలో పెట్టేశాడు. అరగంట కూర్చున్నారు, అత్తయ్యగారు టైమవుతోందని మూడుసార్లు పిలిచినా లేవలేదు.

అడుగెత్తు బొమ్మ 45 డాలర్లు. ముందురోజు ఊళ్ళో గిఫ్టు షాపులో అంతే సైజుది, దట్టంగా వార్నిష్ పట్టించింది, 90 చెప్పారు, మొహం కూడా ఏదో కోపంగా ఉంది. చెక్కేవాళ్ళ దగ్గరే కొనండి, డబ్బు నోట్లుగా తీసుకెళ్ళండి, ఈయన కార్డు తీసుకోడు, నేను 12 మైళ్ళు వెనక్కెళ్ళి ఏటీఎం వెతుక్కున్నాను. దోమల మందు నవంబరైనా కావాలి.

మావయ్యగారి శాంటాకి ముక్కు కొంచెం ఎడమకి పోయింది. టీవీ పక్కన కొండపల్లి దశావతారాల సెట్టు ఉంటే, వాటి చివర్లో పెట్టారు.