భారీ పర్యావరణ నివేదికల్లో వెతకడానికి ఎలాస్టిక్‌సెర్చ్: ఏళ్ల తరబడి వాడాక

వేల పేజీల పర్యావరణ ప్రభావ మదింపు నివేదికలకు వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ పనికొస్తుందా అంటే, భేషుగ్గా పనికొస్తుంది. పీడీఎఫ్‌లను ఉన్నవున్నట్టు అందులో పడేస్తే మాత్రం కాదు. ఫలితాల మంచిచెడులు చాలావరకు ఇండెక్స్ (వెతకడానికి వీలైన పదాల సూచిక) కట్టకముందే తేలిపోతాయి.

ఈ నివేదికల్లో ప్రధాన అధ్యాయాలు మామూలు టెక్స్టే. ల్యాబ్ ఫలితాలుండే అనుబంధాలు తరచూ స్కాన్లు. స్కాన్ బొమ్మల్లోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే (ఓసీఆర్) సాధనం ఓసీఆర్‌మైపీడీఎఫ్‌లో స్కిప్-టెక్స్ట్ ఆప్షన్ పెడితే టెక్స్ట్ ఉన్న పేజీలను వదిలి మిగతావి చదువుతుంది. చిక్కల్లా, స్కాన్ పేజీ అడుగున పేజీ నంబరు టైపులో ఉన్నా చాలు, టెక్స్ట్ ఉందనుకుని ఆ పేజీనే దాటేస్తుంది. అలాంటి ఫైళ్లకు రీడూ-ఓసీఆర్ ఆప్షన్ వాడాలి. దానితో డెస్క్యూ (వంకర పేజీని నిటారు చేసే ఆప్షన్) కలవదు కాబట్టి వంకర స్కాన్లను ముందే సరిచేసుకోవాలి. స్కాన్ స్పష్టత 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గితే దశాంశ బిందువులు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. 0.05 కాస్తా 005 అయితే ఆ పట్టికను నమ్మి లాభం లేదు.

నివేదిక మొత్తాన్ని ఒకే డాక్యుమెంట్‌గా ఎక్కించకండి. ‘భూగర్భజలం’, ‘ఫ్లోరైడ్’ 600 పేజీల ఎడంలో ఉన్నా దొరికినట్టే లెక్కేస్తుంది. పైగా ఒక ఫీల్డ్ 10 లక్షల అక్షరాలు దాటితే, డిఫాల్ట్ సెట్టింగుల్లో హైలైటింగ్ (దొరికిన పదాలను ఎత్తిచూపడం) ఎర్రర్ ఇస్తుంది. పేజీకో డాక్యుమెంట్ చేసి నివేదిక ఐడీ, అధ్యాయం, ముసాయిదానా తుదిదా అన్నది విడి ఫీల్డుల్లో ఉంచాలి. ఐడీ మీద కొలాప్స్ (ఒక్కో నివేదిక నుంచి ఒక్క ఫలితమే చూపే ఆప్షన్) పెట్టకపోతే మొదటి పది ఫలితాలనూ ఒక్క నివేదికే ఆక్రమిస్తుంది. పట్టిక తర్వాతి పేజీకి సాగినప్పుడు శీర్షిక వరుస వెనకే ఉండిపోతుంది. దాన్ని ప్రతి పేజీకీ అతికించకపోతే మిగిలేవి ఊరూపేరూ లేని అంకెలే.

అన్నిటికంటే విసిగించేవి కొలమానాలు. మైక్రో గుర్తుకు, గ్రీకు మ్యూకు యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు. కంటికి ఒకటే, ఇండెక్స్‌కు వేరు. ఎలాస్టిక్‌సెర్చ్‌కు యూనికోడ్ పనుల కోసం జతచేసే ఐసీయూ ప్లగిన్‌లోని నార్మలైజర్ రెండింటినీ ఒకటి చేస్తుంది, ఘనపు మీటరు మీది చిన్న 3ను మామూలు 3గా మారుస్తుంది. దాన్ని క్యారెక్టర్ ఫిల్టర్‌గా, అంటే పాఠాన్ని టోకెన్లుగా (పదాల ముక్కలుగా) విడదీసే టోకెనైజర్ కంటే ముందు పెట్టాలి. ‘పీఎం2.5’లో మధ్య ఖాళీ ఉంటే రెండు టోకెన్లవుతుంది. రెండు రూపాలనూ ఒకటిగా చూసే సినానిమ్ ఫిల్టర్ తప్పదు.

అర్థపు పోలికను బట్టి వెతికే వెక్టర్ వెతుకులాట మీద మోజు ఎక్కువే గానీ, ఒంటరిగా దాన్ని నమ్మలేం. ‘అరుదైన జాతులు కనిపించలేదు’ అన్న వాక్యాన్ని ‘కనిపించాయి’కి పక్కనే చూపిస్తుంది. పాఠాన్ని వెక్టర్లుగా మార్చే చాలా మోడళ్లు 512 టోకెన్ల తర్వాతి పాఠాన్ని చప్పుడు లేకుండా కోసేస్తాయి. పదాల సరిపోలికను లెక్కించే బీఎం25 ఫలితాలతో ఆర్‌ఆర్‌ఎఫ్ (ర్యాంకులను బట్టి జాబితాలను కలిపే) పద్ధతిలో కలిపితే బాగుంటుంది, అందులోని స్థిరాంకం 60 చాలు.

ఇంకొకటి: పీడీఎఫ్‌లో పేజీ వరుస, కాగితం మీద ముద్రించిన నంబరు ఒకటి కావు. మొదటిది లింకుకు, రెండోది ఉటంకింపుకు. రెండూ దాచుకోవాలి.