కృప మీద ఆనుకోవడమా, పరిశుద్ధత కోసం ప్రయాసపడడమా?

"అంతా కృపే కదా బ్రదర్, అర్హత లేని మనకు దేవుడు ఉచితంగా చూపే దయ, మన చేతుల్లో ఏముంది" అనేవాళ్లు ఒకవైపు, ఒక్క ఉపవాసం తప్పితే దేవుడు మొహం తిప్పేసుకుంటాడేమో అని టెన్షన్ పడేవాళ్లు ఇంకోవైపు. నేను చాలా ఏళ్లు రెండో రకం. తెల్లారుజామున నాలుగున్నర ప్రార్థనకు నోట్‌బుక్‌లో టిక్కులు పెట్టుకునేదాన్ని, ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లడానికి కాళ్లు ఆడేవి కావు.

మొదటి దారిలో విశ్రాంతి ఉంది, అది నిజం. బైబిల్లో ఎఫెసీ 2:8-9 చెప్పేది అదే, రక్షణ దేవుడిచ్చిన వరం, మన క్రియల వల్ల వచ్చింది కాదు. కానీ దాన్ని పాపంతో రాజీకి సాకుగా వాడుకుంటే తీతు 2:11-12 ఒప్పుకోదు, అక్కడ భక్తిహీనతను వదిలేయమని నేర్పించేదే కృప. రెండో దారిలో పట్టుదల ఉంది, పరిశుద్ధత లేకుండా ఎవరూ ప్రభువును చూడరని హెబ్రీ 12:14 కూడా ఉంది, అయితే సొంత బలంతో నడిస్తే గర్వమో నిరాశో మిగులుతుంది.

మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు వెళ్లి చూడండి, మత్స్యకారులు నీడన కూర్చుని కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు ఒక్కొక్కటే అల్లుతుంటారు. ఆ చేతులు చేపను పుట్టించవు, అయినా వల బాగు చేయడం మానరు. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు కూడా 1 కొరింథీ 15:10లో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానంటూనే, అది నేను కాదు, నాకు తోడున్న కృపే అన్నాడు. నా మట్టుకు ముందు కృప, దానిలోంచే ప్రయాస. ఇప్పటికీ నాలుగున్నరకే లేస్తాను, నోట్‌బుక్ మాత్రం తీయను.