నీళ్లలో వాచీల ఫొటోలు: కొన్నేళ్ల వాడకం తర్వాత టఫ్ టీజీ-6

ఒలింపస్ టఫ్ టీజీ-6 కెమెరాను కొన్నది పాకాల, లక్నవరం చెరువులకి వెళ్లినప్పుడు నీళ్లలో చేపల ఫొటోలు తీద్దామని. చేపలు పెద్దగా చిక్కలేదు. వాచీల పిచ్చి ముందు నుంచీ ఉంది కాబట్టి కెమెరా మెల్లగా అటు తిరిగింది. హన్మకొండలో మా డాబా మీద ఒక నల్ల ప్లాస్టిక్ టబ్బు, పైన నీడకి కట్టిన పాత దుప్పటి, ఒక టార్చి, ఈ కెమెరా. కొన్నేళ్లుగా నా పనంతా వీటితోనే. అందుకే ఇక్కడ రాసేది వాచీల గురించే. టూర్లు, పిల్లల ఫొటోలు, వీడియోల సంగతి వేరేవాళ్లని అడగండి.

ముందు కెమెరా వివరాలు. 2019లో వచ్చిన మోడల్ ఇది. 12 మెగాపిక్సెళ్లు, 1/2.3 అంగుళాల చిన్న సెన్సర్, 25 నుంచి 100 మిల్లీమీటర్ల జూమ్‌కి సమానమైన లెన్స్. పైన ఏ కేసూ తొడగకుండా 15 మీటర్ల లోతు దాకా దింపొచ్చు. 2021లో ఒలింపస్ కెమెరాల వ్యాపారం ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతికి వెళ్లింది, 2023లో వాళ్లు టీజీ-7 తెచ్చారు. అందులో యూఎస్‌బీ-సీ పెట్టారు గానీ లెన్స్, సెన్సర్ల కొలతలు మారలేదు. కాబట్టి కింద చెప్పేదాంట్లో చాలా భాగం దానికీ సరిపోతుంది.

వాచీల కోసం దీన్ని కొనాల్సిన అసలు కారణం మైక్రోస్కోప్ మోడ్. లెన్స్ నుంచి ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్నదానికి కూడా ఫోకస్ అవుతుంది, అదీ నీళ్లలో. క్యాసియో ఎండీవీ-106 డయల్ మీద చిన్న మార్లిన్ చేప బొమ్మ ఉంటుంది చూడండి, మామూలు కళ్లకి అది ఒక మెరిసే గీత. ఈ మోడ్‌లో తీస్తే చేప ముక్కు, వీపు మీది రెక్క, అంచున రంగు ఎక్కడ ఆగిందో అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. నిమిషాల ముల్లు చివర మనం రేడియం అని పిలిచే, చీకట్లో వెలిగే పూత గరుకుగా, ఉప్పురవ్వ పోసినట్టు ఉంటుందని నాకు తెలిసింది ఈ కెమెరాతోనే. చేపల కోసం కొన్న కెమెరాకి చివరికి సరిగ్గా దొరికిన చేప ఆ డయల్ మీదిదే.

ఇక నీళ్లలో వాచీ ఫొటో తీసేవాళ్లందరినీ మొదట్లో కంగారు పెట్టే విషయానికి వస్తాను. వాచీని కొంచెం పక్కకి తిప్పి పట్టుకోండి. డయల్ ఉన్నట్టుండి మాయమై, అద్దం మొత్తం వెండి రేకులా మారిపోతుంది. ముళ్లు లేవు, అంకెలు లేవు, ఎదురుగా మీ కెమెరా నీడో టబ్బు గోడో కనిపిస్తుంది. కెమెరా పాడైందనో అద్దం లోపల ఆవిరి పట్టిందనో అనుకోవద్దు. ఇంటర్‌లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనమే ఇది. వాచీ అద్దానికీ డయల్‌కీ మధ్య ఉండేది గాలి. నీళ్లలో నుంచి చూసే చూపు ఆ గాలిలోకి దిగాలంటే మరీ వాలుగా ఉండకూడదు. అద్దానికి నిట్టనిలువుగా చూడటం సున్నా డిగ్రీలనుకుంటే, సుమారు 49 డిగ్రీలు దాటిన చూపు ఒక్కటీ లోపలికి వెళ్లదు, మొత్తం వెనక్కి తిరిగొస్తుంది. అద్దం ఖరీదైన సఫైర్ అయినా, మామూలు మినరల్ గాజైనా, చదునుగా ఉన్నంతవరకు లెక్క ఇదే.

ఇందులో ఒక తమాషా ఉంది. టబ్బు అడుగున వెల్లకిలా పెట్టిన వాచీని బయట నిలబడి పైనుంచి చూస్తే, ఎంత పక్క నుంచి చూసినా ఈ వెండి రంగు రాదు. గాలిలో నుంచి నీళ్లలోకి దిగిన చూపు ఎలాగూ ఆ 49 డిగ్రీల లోపలికే వంగుతుంది. కెమెరా నీళ్లలో మునిగాకే మీకు ఈ కష్టమూ, ఈ అందమూ మొదలవుతాయి. అందం అని ఎందుకన్నానంటే, సరిగ్గా హద్దు మీద ఆపితే డయల్‌లో సగం వెండి, సగం మామూలుగా వస్తుంది. టీజీ-6 లెన్స్ వైడ్‌లో ఉన్నప్పుడు వాచీని కాస్త వాల్చితే దూరపు అంచు ముందు తిరుగుతుంది, తర్వాత మధ్యభాగం. నా దగ్గరున్న ఫొటోల్లో ఎక్కువమంది ఆగి చూసేవి అవే. ఎడిటింగ్ చేశావా అని అడుగుతారు.

నీళ్లు చేసే మేలు కూడా ఒకటుంది. గాలిలో సఫైర్ అద్దం పై ముఖం తన మీద పడిన వెలుగులో 8 శాతం దాకా వెనక్కి కొడుతుంది, అందుకే బయట తీస్తే ట్యూబ్‌లైటూ, మన మొహమూ డయల్ మీద పడతాయి. నీళ్లలో ఆ పై ముఖం నుంచి వచ్చేది 2 శాతమే. నల్ల డయల్ నీళ్లలో ఇంకా నల్లగా, లోతుగా రావడానికి కారణం అది. అద్దం లోపలి ముఖం మాత్రం గాలినే తాకుతుంది కాబట్టి అక్కడి మెరుపు అలాగే ఉంటుంది.

ఆ మిగిలిన మెరుపు దెబ్బ ఎల్‌జీ-1కి తగిలింది. లెన్స్ చుట్టూ బిగించే లైట్ గైడ్ అది, కెమెరా ఎల్‌ఈడీ వెలుగుని గుండ్రంగా పంచుతుంది. పురుగులకీ, ఆకులకీ భలే ఉంటుంది. వాచీకి ఎదురుగా పెడితే మాత్రం డయల్ మధ్యలో తెల్ల చేతిగాజు పెట్టినట్టు ఒక వలయం పడుతుంది. నేను దాన్ని పక్కన పెట్టి, బటర్ పేపర్ చుట్టిన వాటర్‌ప్రూఫ్ టార్చిని పక్క నుంచి పడతాను. ఇక్కడ కూడా ఆ 49 డిగ్రీలు గుర్తుంచుకోవాలి. టార్చి మరీ కింద నుంచి కొడితే బెజెల్ (డయల్ చుట్టూ ఉండే రింగు), కేసు ధగధగలాడతాయి, డయల్‌కి మాత్రం ఒక్క కిరణం అందదు. వెలుగు కూడా చూపులాగే వెనక్కి తిరిగిపోతుంది. నిట్టనిలువుకి 30 నుంచి 40 డిగ్రీల మధ్య పెడితే వెలుగు లోపలికి దిగుతుంది, దాని మెరుపు లెన్స్‌లో పడదు. పక్కన తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే నీడలు మెత్తబడతాయి.

బుడగల బాధ వేరు. అప్పుడే పట్టిన బోరు నీళ్లలో వాచీ పెడితే బెజెల్ గాడుల్లో, పట్టా లింకుల్లో ఆవగింజంత బుడగలు వరసగా అతుక్కుంటాయి. ఆటోఫోకస్ డయల్‌ని వదిలేసి వాటి వెంట పడుతుంది. నీళ్లు పట్టి రాత్రంతా వదిలేస్తే లోపలి గాలి చాలావరకు పోతుంది. మిగిలినవాటిని మెత్తటి పెయింట్ బ్రష్‌తో నీళ్లలోనే తుడవాలి. ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపినా అతుక్కోవు, కానీ కలిపేటప్పుడు నురగ రానివ్వొద్దు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే నల్ల బెజెల్ మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. అందుకే తీసేటప్పుడు నల్లా నీళ్లు, చివర కడిగేటప్పుడు ఆర్‌ఓ నీళ్లు. వాచీతో పాటు కెమెరాని కూడా ఆ మంచినీళ్లలో కాసేపు ముంచి, బటన్లన్నీ ఒకసారి నొక్కి వదులుతాను.

ఫోకస్ స్టాకింగ్ గురించి. దగ్గర నుంచి తీస్తే డయల్ స్పష్టంగా ఉన్నప్పుడు బెజెల్ మసకబారుతుంది. ఈ కెమెరా ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా తీసి తనే ఒక్క ఫొటోగా కలుపుతుంది. కలిపేటప్పుడు అంచులు కొంచెం కోసేస్తుంది కాబట్టి ఫ్రేమ్ వదులుగా పెట్టుకోవాలి. చిక్కంతా సెకన్ల ముల్లుతో. వాచీ నడుస్తుంటే ముల్లు రెండు మూడు చోట్ల నీడలా పడుతుంది. బయటైతే చావి లాగి ఆపేస్తాం. నీళ్లలో చావి లాగడమంటే వాచీకి తలుపు తీసి పెట్టడమే. నేను చేసేది ఇది: ఆటోమేటిక్ వాచీని రెండు రోజులు కదపకుండా వదిలేస్తే స్ప్రింగ్ వదులై ఆగిపోతుంది. అప్పుడు ముళ్లని పదీ పదికి పెట్టి, చావి పూర్తిగా బిగించి, టబ్బు పక్కన ఉంచుతాను. చేతి కదలికకి మళ్లీ కాసేపు తిరుగుతుంది, ఆగేదాకా ఓపిక పట్టి మెల్లగా దించాలి. క్వార్ట్జ్ వాచీకి ఈ తంటా తక్కువ, ముల్లు ఒక గంతు వేసిన వెంటనే షటర్ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది.

ఏ వాచీ పడితే ఆ వాచీని ముంచొద్దు. వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు నాకు తెలిసిన వాచీ మెకానిక్ కాకా ఒకాయన ఉన్నాడు. నేను కొత్త వాచీ పట్టుకెళ్తే ఆయన మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "తమ్మీ, ఫొటోల ముచ్చట తర్వాత, ముందు ప్రెషర్ చూద్దాం." ఆయన దగ్గర గాజు గొట్టం లాంటి టెస్టర్ ఉంది. సగం నీళ్లు, పైన గాలి. వాచీని ముందు గాలిలో వేలాడదీసి పంపు కొడతాడు. లీకుంటే ఆ ఒత్తిడికి గాలి కేసులోకి దూరుతుంది. తర్వాత వాచీని నీళ్లలోకి దించి ఒత్తిడి మెల్లగా వదులుతాడు. లోపలికి దూరిన గాలి బయటికి వస్తూ చావి దగ్గరో వెనక మూత దగ్గరో బుడగల గొలుసు కడుతుంది. బుడగ రాకపోతే నా టబ్బుకి పాస్. తాతల నాటి హెచ్‌ఎంటీ జనతా లాంటి చావి వాచీలని ఆయన ఆ గొట్టం దగ్గరికే రానివ్వడు, నేనూ టబ్బు దగ్గరికి రానివ్వను.

ఇదే సందర్భంలో, సెకండ్ హ్యాండ్ వాచీలు కొనేవాళ్లకి ఒక మాట. గ్లాసు నీళ్లలో వాచీ ఫొటో పెట్టి వాటర్‌ప్రూఫ్ అని అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. 20 సెంటీమీటర్ల నీళ్లలో అదనంగా పడే ఒత్తిడి 0.02 బార్. డైవర్ వాచీల ప్రమాణం ఐఎస్‌ఓ 6425 ప్రకారం కనీసం 100 మీటర్ల (అంటే సుమారు 10 బార్) రేటింగ్ ఉండాలి, దానికి పావు వంతు ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. ఫొటో ఎంత బాగున్నా, అది నేను తీసిందైనా సరే, ప్రెషర్ టెస్ట్ అయిందా అని అడగండి.

కెమెరాకి రెండు తలుపులు ఉన్నాయి: ఒకటి బ్యాటరీ, కార్డుకి, రెండోది కేబుల్‌కి. వాటి రబ్బరు అంచు మీద ఒక్క వెంట్రుక చాలు, నీళ్లు దారి వెతుక్కుంటాయి. ఆ రబ్బరుని ఏడాదికోసారి మార్పించమని కంపెనీయే చెబుతుంది, మార్పిస్తున్నాను కూడా. తడి చేత్తో తలుపు తీయను. మే నెల మా ఎండల సంగతి తెలిసిందే. కారు డాష్‌బోర్డు మీద కాలిన వాచీనో కెమెరానో తెచ్చి చల్లటి నీళ్లలో వేస్తే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని బయటి నీటిని లాగుతుంది. గదిలో కాసేపు చల్లారనిచ్చాకే టబ్బు.

చెరువుల విషయానికొస్తే, మత్తడి దూకే రోజుల్లో చూడ్డానికి బాగుంటుంది గానీ ఫొటోకి పనికిరాదు. ఒండ్రు నీళ్లలో లైటు వేస్తే తెల్ల చుక్కలు తప్ప ఏమీ రాదు. లక్నవరంలో అయినా పాకాలలో అయినా చలికాలం చివర, గాలి లేని పొద్దున, ఒడ్డున మోకాలి లోతులో తీసినవే నాకు నచ్చాయి. అడుగున గులకరాళ్లు, మీద అలల వెలుగు గీతలు డయల్ మీద కదులుతుంటాయి, టబ్బులో అది రాదు. వాచీ పట్టాకి నైలాన్ తాడు కట్టి రెండో కొస మణికట్టుకి చుట్టుకోండి. లోతుకి మాత్రం వెళ్లొద్దు, మన చెరువుల్లో అడుగు ఎక్కడ ఉంటుందో ఎక్కడ బురదలో దిగుతుందో చెప్పలేం.

లోటు చెప్పాలంటే మొదటిది మాన్యువల్ మోడ్ లేకపోవడం. పీ (ప్రోగ్రామ్), ఏ (అపర్చర్) మోడ్‌లతో సర్దుకోవాలి, షటర్ వేగం మన చేతిలో ఉండదు. నల్ల డయల్ చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, నేను ఎక్స్‌పోజర్‌ని ఎప్పుడూ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు సగమయ్యేదాకా, తగ్గించి పెడతాను. చిన్న సెన్సర్ కాబట్టి కెమెరాలోని ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 400 దాటితే నలుపులో గింజలు మొదలవుతాయి. రా (RAW) ఫార్మాట్‌లో తీసి కంప్యూటర్‌లో సర్దుకుంటే కొంత నయం. పెద్ద ఫ్లెక్సీకి ఇచ్చే ఫొటో దీనితో తీయొద్దు.

మీ దగ్గర ఇప్పటికే డీఎస్‌ఎల్‌ఆర్, మ్యాక్రో లెన్స్ ఉండి టబ్బు ఫొటోలే కావాలంటే టీజీ-6 అక్కర్లేదు. చిన్న అక్వేరియం కొని, గాజు బయటి నుంచి, గాజుకి నిట్టనిలువుగా తీయండి. కొంచెం వాలినా రంగులు చీలి అంచులు మెత్తబడతాయి, అదొక్కటి చూసుకుంటే నాణ్యత దీనికంటే బాగుంటుంది. ఫోన్ల సంగతి, నీళ్లు తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగ్ రాసున్నా టచ్ స్క్రీన్ నీళ్లలో మాట వినదు, వాల్యూమ్ బటన్‌తో ఎన్నని తీస్తారు? వెండి రంగు హద్దు వెతుక్కుంటూ కెమెరాని వాచీ చుట్టూ తిప్పాలన్నా, చెరువులో తీయాలన్నా టీజీ-6 తీసుకోండి. పాతది దొరికితే రబ్బరు రింగులు ఎప్పుడు మార్చారో అడిగి, కార్డు, బ్యాటరీ లేకుండా ఒక గంట బకెట్లో ముంచి చూశాకే డబ్బులివ్వండి.