చిన్న క్లినిక్ డాక్టరుకి నివారణ పాఠం: వెళ్ళి చెప్పాలా, పిలిచి చెప్పాలా, ఫోన్‌లో పంపాలా?

విశాఖ కంచరపాలెంలో ఒక సందు చివర క్లినిక్. నేను వెళ్ళేసరికి డాక్టరు గారు ఒక పెద్దాయనకి బీపీ చూస్తున్నారు. పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. వీపుకి ఆనుడు లేదు, చెయ్యి కిందికి వేలాడుతోంది, పైగా కొడుకు ఉద్యోగం గురించి చెబుతూనే ఉన్నాడు. వీపు ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చున్నాక చూడాలని డాక్టరు గారికి తెలియదా? నాకంటే బాగా తెలుసు. "ఇక్కడ కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదయ్యా" అన్నారు. ఇద్దరం కలిసి మందుల బీరువాని రెండడుగులు పక్కకి జరిపాం. కుర్చీ పట్టింది.

డాక్టర్లకి, నర్సులకి నివారణ గురించి చెప్పాలంటే ఏ పద్ధతి మేలు అని ఎవరడిగినా నాకు ముందు ఆ బీరువానే గుర్తొస్తుంది. పదకొండేళ్ళు మందుల కంపెనీ రెప్‌గా విశాఖలో తిరిగాను. తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున అవే మెట్లు ఎక్కాను, ఈసారి బ్యాగులో శాంపిల్స్ లేకుండా. మీటింగులు పెట్టాను, వాట్సాప్ గ్రూపులు నడిపాను. మూడూ చేసినవాడిగా నా అభిప్రాయం రాస్తున్నాను.

నివారణ అంటే ఇక్కడ పెద్ద విషయాలేమీ కావు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూడడం. టార్చి వేసి నోరు చూడడం. పొగాకు గురించి అడగడం. ఆడవాళ్ళకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షల గురించి చెప్పడం. ఇవన్నీ ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నవే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం. నోటి పరీక్ష ఇంకా తక్కువ, 0.9 శాతం. మిగతావాళ్ళు డాక్టరు ముఖమే చూడనివాళ్ళు కారు. జ్వరానికో, నడుం నొప్పికో వీధి చివర క్లినిక్‌కి పదిసార్లు వెళ్ళినవాళ్ళే. అక్కడ ఎవరూ అడగలేదు, అంతే.

అందుకే మూడు పద్ధతుల్నీ నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను: మర్నాటి ఓపీలో ఏం మారింది?

ముందు మీటింగ్ సంగతి. మన దగ్గర అందరికీ అలవాటైన పద్ధతి ఇదే. సాయంత్రం ఏడింటికి బీచ్ రోడ్డులో ఒక హోటల్ హాలు, పెద్ద ఆసుపత్రి నుంచి ఒక స్పెషలిస్టు, నలభై స్లయిడ్లు, తర్వాత భోజనం. 2002 నాటి వైద్య నియమాల్లో డాక్టర్లు ఐదేళ్ళకి 30 గంటలు ఇలాంటి కార్యక్రమాలకి హాజరవ్వాలని ఉంది కాబట్టి క్రెడిట్ గంటల కోసమైనా జనం వస్తారు. ఫలితం లేదా అంటే ఉంది. 2009లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ 81 పరిశోధనల్ని కలిపి చూస్తే, మీటింగుల వల్ల డాక్టర్ల పనితీరు సుమారు 6 శాతం మెరుగైంది. డాక్టర్లు పనిచేసే చోటికే వెళ్ళి చెప్పే పద్ధతి మీద అదే సంస్థ 2007లో 69 అధ్యయనాలు చూసింది. అక్కడ తేలింది 5.6 శాతం. అంకెలు పక్కపక్కన పెడితే రెండూ ఒకటే. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు బాధేసింది, నిజం చెప్పాలంటే. మండుటెండలో మెట్లెక్కి దిగింది ఇందుకేనా అనిపించింది.

తర్వాత మళ్ళీ చదివాను. ఆ మీటింగుల సమీక్షలోనే ఇంకో మాట ఉంది: హాజరు ఎంత ఎక్కువుంటే ఫలితం అంత ఎక్కువ. మన ఊరి కథ అంతా ఆ హాజరులోనే ఉంది. మల్కాపురంలోనో, గోపాలపట్నంలోనో ఒంటరిగా ప్రాక్టీసు చేసే డాక్టరుకి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఓపీ. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు, కూలి పని ముగించుకున్నవాళ్ళు అప్పుడే వస్తారు. ఆ వేళ క్లినిక్ మూసి బీచ్ రోడ్డుకి రమ్మంటే ఎలా వస్తారు? వచ్చేది ఎవరంటే, అసిస్టెంటు ఉన్నవాళ్ళు, ముందు నుంచీ చదివే అలవాటున్నవాళ్ళు. నేను పెట్టిన మీటింగుల్లో ముందు వరసలో ప్రతిసారీ అవే ముఖాలు. వాళ్ళు నేను పిలవకపోయినా బీపీ సరిగ్గానే చూస్తారు.

కానీ మీటింగుని కొట్టిపారేయను. చేత్తో నేర్చుకోవాల్సిన పని ఉంటే దానికి మించింది లేదు. గర్భాశయ ముఖద్వారం మీద వెనిగర్ లాంటి ద్రావణం రాసి తెల్లబడుతుందేమో చూసే పరీక్ష ఉంది. దాన్ని కాగితం మీద చూసి ఎవరూ నేర్చుకోలేరు. పదిమంది నర్సుల్ని ఒకచోట కూర్చోబెట్టి, తెలిసినావిడ దగ్గరుండి చూపించాలి. ఇంకో లాభం, రోగిని పంపేవాళ్ళూ అక్కడ చూసేవాళ్ళూ ఒకరికొకరు తెలియడం. ఫలానా మేడమ్ కేజీహెచ్‌లో, అంటే మన పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, ఉన్నారని ముఖం తెలిస్తే, చీటీ రాసి పంపడానికి చెయ్యి ఆడుతుంది.

ఇక ఫోన్. ఇందులో రెండు వేరు వేరు పనులున్నాయి, వాటిని కలిపేస్తుంటారు. ఒకటి పీడీఎఫ్‌లు పంపడం. ఇది మీటరు లేని ఆటో లాంటిది, ఎంత దూరం వచ్చిందో ఎవరికీ తెలియదు. అచ్చు కాగితాలు పంపితే వచ్చే మార్పు చాలా తక్కువని పరిశోధనలూ చెబుతున్నాయి. గుడ్ మార్నింగ్ పూలబొమ్మల మధ్య పద్దెనిమిది పేజీల గైడ్‌లైన్ పంపి, నీలం టిక్కులు చూసి తృప్తి పడడం నేనూ చేశాను. అది పని కాదు.

రెండోది కేసు పెట్టుకుని మాట్లాడుకోవడం. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా ఎకో అనే పద్ధతి మొదలుపెట్టారు. హెపటైటిస్-సి రోగులు మైళ్ళ దూరం ప్రయాణం చేసి తన దగ్గరికి రాలేకపోతుంటే, పల్లె డాక్టర్లతో వారం వారం వీడియోలో కూర్చుని వాళ్ళ కేసులే చర్చించారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. పల్లె డాక్టర్ల దగ్గర నయమైనవాళ్ళు 58 శాతం, యూనివర్సిటీ క్లినిక్‌లో కూడా దాదాపు అంతే. మన దగ్గర ఈ పద్ధతి ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో గ్రామాల క్లినిక్‌లు చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అమ్మాయిలకి సరిగ్గా అతుకుతుంది. నర్సింగ్ చదివి, ఊళ్ళో ఒంటరిగా కూర్చుని, సందేహం వస్తే అడగడానికి పక్కన ఎవరూ లేనివాళ్ళు వాళ్ళు. నేర్చుకోవాలన్న తపన కనిపిస్తుంది. ప్రైవేటు క్లినిక్ డాక్టరుకి మాత్రం ఇది పట్టదు. తన కేసు నలుగురి ముందు పెట్టి, తప్పు పట్టించుకోవడానికి ఆయనకి సమయమూ ఉండదు, మనసూ ఒప్పదు.

ఇప్పుడు గుమ్మం దాకా వెళ్ళడం. ఈ విద్య పుట్టిందే మా రెప్‌ల దగ్గర. డాక్టరు గదిలో మూడు నిమిషాల్లో ఒక మాట మనసులో నాటి రావడం కంపెనీలకి తెలిసినంతగా ఆరోగ్యశాఖలకి తెలియదు. హార్వర్డ్‌లో ఎవోర్న్, సౌమెరాయ్ అనే ఇద్దరు, అదే పద్ధతిని మంచి సమాచారానికి వాడితే ఏమవుతుందని నాలుగు రాష్ట్రాల్లో 435 మంది డాక్టర్ల మీద ప్రయత్నించారు. 1983లో అచ్చయింది. మనిషి వెళ్ళి మాట్లాడినచోట అనవసరపు మందుల రాత 14 శాతం తగ్గింది. కాగితాలు మాత్రమే అందినచోట చెప్పుకోదగ్గ మార్పే లేదు. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 2003 నుంచి తన మనుషుల్ని హార్లెం, సౌత్ బ్రాంక్స్ లాంటి పేద పేటల క్లినిక్‌లకి పంపడం మొదలుపెట్టింది. వాళ్ళు తీసుకెళ్ళింది మందుల పేర్లు కాదు, నివారణ విషయాలు. డాక్టర్నే కాదు, ముందు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళనీ, నర్సునీ పలకరిస్తారు. ఒక్కో విడతకి ఒక్క విషయం.

ఆ ఒక్క విషయం అన్నదే ప్రాణం. బీపీ అయితే బీపీ ఒక్కటే. ఒక పేజీ కాగితం, ఒక అభ్యర్థన: "సార్, ఈ నెల ముప్పై దాటినవాళ్ళు దేనికొచ్చినా మీ కాంపౌండర్ ముందే బీపీ చూసి చీటీ మీద రాస్తే చాలు." నెల తర్వాత మళ్ళీ వెళ్ళి ఎలా జరిగిందని అడగాలి. ఆ రెండోసారి వెళ్ళకపోతే మొదటిసారి వెళ్ళింది దండగ.

పద్ధతి తేడా నాకు పూర్తిగా తెలిసొచ్చింది సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పేటలో. నోటి క్యాన్సర్ విడతలో ఉన్నాం. కాగితంలో "పొగ తాగుతారా అని అడగండి" అని రాసుకున్నాం. డాక్టరమ్మ నా ముందే ఒక ముసలావిడని "సిగరెట్, బీడీ తాగుతావా?" అని అడిగారు. "నాకెందుకమ్మా అవి" అంది. నిజమే చెప్పింది. పక్కనే ఉన్న ఆయా, "అడ్డపొగ పీలుస్తాది మేడమ్" అంది. చుట్టని వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం మన ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. అక్కడ తెల్లమచ్చలు, పుళ్ళు, చివరికి క్యాన్సర్. మామూలుగా నోరు తెరవమని బుగ్గలు, నాలుక చూసి వదిలేస్తే అంగిలి కనబడదు. కట్టుడు పళ్ళు ఉంటే తీయించాలి, తల బాగా వెనక్కి వాల్చమనాలి, టార్చి పైకి వెయ్యాలి.

ఆ సాయంత్రమే కాగితం మార్చాం. "అడ్డపొగ, చుట్ట, ఖైనీ, గుట్కా" అని పేరు పేరునా అడగమని, మగవాళ్ళనే కాదు ఆడవాళ్ళనీ అడగమని, అంగిలి చూడమని. కింద పొగాకు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800112356. ఆయా చెప్పిన ఆ ఒక్క ముక్క ఏ హోటల్ హాల్లోనూ నా చెవిన పడేది కాదు, ఆయాని హోటల్‌కి పిలిచేవాళ్ళెవరు? మీటింగులోనూ ఫోన్‌లోనూ మనం చెబుతాం, వాళ్ళు వింటారు. వెళ్ళినప్పుడు మాత్రం మనం కూడా నేర్చుకుంటాం. నా లెక్కలో మొగ్గు అటే ఉండడానికి కారణం ఇదే.

లోపాలు లేవని కాదు. నెమ్మది. మంచి రోజున కూడా ఆరేడు క్లినిక్‌లకి మించి అవ్వవు, అందులో రెండు చోట్ల బయట కూర్చుని తిరిగొస్తాం. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రతి డాక్టరూ "ఏ కంపెనీ?" అని అడుగుతారు. ఏ కంపెనీ కాదంటే అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం పోవాలంటే కంపెనీ డబ్బు ఒక్క రూపాయి కూడా తగలకూడదు, పెన్ను కూడా పుచ్చుకోకూడదు, ఇవ్వకూడదు. అన్నిటికంటే పెద్ద లోపం, ప్రాజెక్టు అయిపోగానే మనిషి మాయమవడం. మనిషి ఆగితే అలవాటూ మెల్లగా ఆగుతుంది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనే ఒక నర్సుకి వారానికి రెండు పూటలు ఈ పని అప్పగిస్తే తప్ప ఇది నిలబడదని నా నమ్మకం.

వైద్య డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్ఎంపీల ప్రశ్న కూడా వదిలి వెళ్ళలేను. కొండవాలు పేటల్లో మొదట చూసేది వాళ్ళే. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఇలాంటి 304 మందిని తీసుకుని, సగం మందికి 9 నెలలు తరగతులు చెప్పి చూశారు. 2016లో ఫలితాలొచ్చాయి. రోగిని సరిగ్గా చూడడం మెరుగైంది, అనవసరంగా రాసే మందులు మాత్రం తగ్గలేదు. అందుకే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటాను, కానీ మందుల కాగితం ఇవ్వనంటాను. బీపీ చూడు, రాయి, పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపు. ఆ మూడే.

చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే నేను ఇలా ఖర్చు పెడతాను. ముందు మూడు నెలలు గాజువాక, మల్కాపురం, కంచరపాలెం, వన్ టౌన్‌లో ఒంటరి క్లినిక్‌లకి వెళ్ళడం, ఒక్క బీపీ విషయం మీద, ప్రతి చోటికీ కనీసం రెండుసార్లు. ఆ తర్వాత అలా పరిచయమైనవాళ్ళకే ఒక ఆదివారం పొద్దున నోరు చూడడం చేత్తో నేర్పించే మీటింగ్, కేజీహెచ్ చుట్టుపక్కల, రాత్రి భోజనం లేకుండా. వాట్సాప్ గ్రూపు అన్నిటికన్నా చివర, అందులో ముఖాలు తెలిసినవాళ్ళే ఉండాలి. పల్లె మండలాల ఎంఎల్‌హెచ్‌పీలకి మాత్రం మొదటి రోజు నుంచే వారానికోసారి వీడియో.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పొద్దున పదకొండున్నర దాటాక వెళ్ళండి, రద్దీ తగ్గుతుంది. సోమవారం వద్దు. ముందు కాంపౌండర్‌ని పేరు పెట్టి పలకరించండి. బ్యాగులో పెద్ద సైజు బీపీ కఫ్ ఒకటి, టార్చి ఒకటి, కొలత టేపు ఒకటి పెట్టుకోండి. టేపు కుర్చీ కోసం.