సిబ్బందికి 5 స్టార్లు, బిల్డింగ్‌కి 1

ఓపెన్ డే పెట్టారంటే వెళ్లి ఫైర్ స్టేషన్, దాని వెనకే ఉన్న మునిసిపల్ బండ్ల రిపేర్ షెడ్ రెండూ తిరిగి చూశాను, దాదాపు రెండు గంటలు ఉన్నా. సిబ్బందికి ఐదుకి ఐదు, అందులో మాటే లేదు, అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పారు. బిల్డింగ్‌కి మాత్రం ఒకటే ఇస్తున్నా. ఈ రెండింటికీ కొత్త బిల్డింగ్ కట్టాలి అనగానే "ఉన్నదానికేమైంది, రంగులేయిస్తే పోలా" అనేవాళ్లు ఒక్కసారి లోపలికెళ్లి చూడాలి.

ఫైరింజన్ బయటికి తీసి చూపించారు. డ్రైవర్ ముందుగా రెండువైపులా సైడ్ అద్దాలు మడిచాడు, ఇంకొకాయన ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతుంటే మెల్లగా షట్టర్ దాటించాడు. ఈ ఫైర్ స్టేషన్ కట్టిన రోజుల్లో బండ్లు చిన్నవి, ఇప్పుడొచ్చేవి ఎత్తూ బరువూ రెండూ ఎక్కువ. 4,500 లీటర్ల ట్యాంకు నిండిందంటే నీళ్లే నాలుగున్నర టన్నులు, బండి బరువు అది కాక. వెనక చక్రాలు నిలిచే చోట నేల వేలు దూరేంత పగిలింది. పోనీ షట్టర్ ఎత్తు పెంచుదామంటే పైన బీమ్ ఉంది, అది కదిపితే కప్పు నిలవదు, ఇంక రంగేసి ఏం చేస్తాం చెప్పండి.

అమెరికాలో అగ్నిప్రమాదాల మీద స్టాండర్డ్స్ రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ 1710 అని ఒక స్టాండర్డ్‌లో లెక్క పెట్టింది, కాల్ అందాక 80 సెకన్లలో ఫైర్ సూట్ వేసుకుని బండి కదలాలి, ఆ తర్వాత 240 సెకన్లలో మొదటి ఇంజన్ మంట దగ్గరుండాలి. ఇక్కడేమో అద్దాలు మడవడానికే కొన్ని సెకన్లు పోతున్నాయి. ట్రాఫిక్‌ని తిట్టుకుంటాం గానీ గేటు లోపల పోయే టైం ఎవరికీ కనపడదు.

నాకు బాగా బాధేసింది మాత్రం సూట్లు చూసి. ఇంజన్ సైలెన్సర్‌కి మూరెడు దూరంలో గోడకి మేకులు, వాటికే సూట్లు వేలాడుతున్నాయి, గోడ మీద వేలు పెట్టి లాగితే నల్లటి మసి వచ్చింది. ఆ గోడకి అవతల వాళ్లు పడుకునే గది, మధ్యలో ఒక్క తలుపు, అదీ సరిగ్గా మూసుకోదు. డీజిల్ పొగని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2012లోనే గ్రూప్ 1లో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటి జాబితాలో పెట్టింది, 2022లో ఫైర్‌ఫైటర్ ఉద్యోగాన్నే అదే గ్రూప్‌లో చేర్చింది. కొత్తగా కట్టే కొన్ని స్టేషన్లలో సైలెన్సర్‌కి ఒక పైపు తగిలించి పొగని బయటికి లాగేస్తారు, బండి వెళ్తుంటే ఆ పైపు దానంతటదే ఊడిపోతుంది. మంటల్లోంచి వచ్చిన సూట్ ఉతకడానికి వేరే గది, అది దాటి స్నానం చేశాకే పడక గదుల వైపు రానిస్తారు. ఇదేదో విలాసం అనుకోవద్దు, వాళ్లు ప్రాణాలతో రిటైర్ అవ్వాలిగా.

రిపేర్ షెడ్ సంగతి ఇంకా ఘోరం. డ్రైనేజీ క్లీన్ చేసే బండి లోపల పట్టదు, అందుకని బయటే చినుకుల్లో అట్టపెట్టె పరుచుకుని మెకానిక్ దాని కింద దూరాడు, చేతిలోంచి నట్టు జారి బురదలో పడితే టార్చ్ వేసుకుని వెతుక్కుంటున్నాడు. వాన పడేటప్పుడే కదా ఆ బండి అవసరం, అది అక్కడ నిలబడితే రోడ్ల మీద నీళ్లు కూడా నిలబడతాయి. బండ్లు కడిగిన నూనె నీళ్లు నేరుగా కాలవలోకే పోతున్నాయి, నూనె వేరుచేసే ట్యాంకు లేదు.

భూకంపం సంగతి కూడా చెప్పాలి. భూకంపాలకి తట్టుకునేలా ఎలా కట్టాలో చెప్పే ఇండియా కోడ్ ఐఎస్ 1893, దాని 2016 వెర్షన్‌లో ఫైర్ స్టేషన్‌కి 1.5 ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ పెట్టమన్నారు, అంటే మామూలు ఇంటికంటే ఒకటిన్నర రెట్లు బలానికి డిజైన్ చేయాలి, ఎందుకంటే అందరి ఇళ్లూ ఊగినప్పుడు అది నిలబడాలి. ఈ స్టేషన్ గోడలు చూస్తే నాకు నమ్మకం కలగలేదు.

కొత్త ఫైర్ స్టేషన్, రిపేర్ షెడ్ రెండూ ఒకే చోట కడితే జనరేటర్, డీజిల్ పంపు, బండ్లెత్తే పెద్ద లిఫ్ట్, మెకానిక్‌లు అందరికీ ఉమ్మడిగా పనికొస్తాయి, నేను పూర్తిగా దానికే ఓటు. కానీ ఒక్క షరతు, గేట్లు రెండు ఉండాలి. చెత్త బండ్లు సాయంత్రం వరసగా తిరిగొచ్చే టైంలో కాల్ వస్తే ఫైరింజన్ వాటి వెనక హారన్ కొట్టుకుంటూ ఆగకూడదు. ప్లాన్ జనానికి చూపించిన రోజు నేను ముందు చూసేది ఆ రెండో గేటే.