వీడియోలో చూపింది ఒకటి, లారీలో వచ్చింది ఇంకొకటి: పాత కాంపౌండ్ ఫీడ్ మిషన్ కొనేవాళ్ళు జాగ్రత్త

సోఫా పని, సీటు కవర్ల పని చేసే అన్నలు, తమ్ముళ్ళు అందరూ ఇది చదవండి. నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

హైదరాబాద్‌లో పాత మిషన్లు అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు. రెక్సిన్ మడతలు పేర్చి పరపరా కుట్టేసి వీడియోలు పెడుతుంటాడు. కేసు వేయబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. తెలిసినవాళ్ళకి ఎలాగూ అర్థమవుతుంది.

నాది విజయవాడ ఆటోనగర్. పంతొమ్మిదేళ్ళుగా బస్సు సీట్లు కుడుతున్నాను. మొన్న ఒక ట్రావెల్స్ ఓనరు 36 సీట్ల బస్సు అప్పజెప్పి 40 వేలు అడ్వాన్స్ ఇచ్చాడు. నా దగ్గరున్నది బట్టలు కుట్టే రకం మిషన్, కింద పళ్ళు మాత్రమే లాగుతాయి. ఫోమ్ అంటించిన రెక్సిన్ దాని మీద పెడితే కింది పొర ముందుకు పోతుంది, పై పొర వెనకబడుతుంది. సీటు వీపు పొడుగునా కుట్టుకుంటూ వస్తే చివర్లో అర అంగుళం తేడా తేలుతుంది. అందుకే ఎన్నాళ్ళనుంచో జూకీ కంపెనీ 1541 మిషన్ మీద కన్ను. అందులో కింద పళ్ళు, సూది, పైనుంచి సరుకుని నొక్కే లోపలి ఫుట్ మూడూ ఒకేసారి కదిలి సరుకుని లాగుతాయి కాబట్టి పొరలు జారవు, కాంపౌండ్ ఫీడ్ అంటే అదే. కుట్టు పొడుగు 9 మిల్లీమీటర్ల దాకా పెట్టుకోవచ్చు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. పెడల్ నొక్కితేనే తిరిగే సర్వో మోటార్, టేబుల్‌తో కలిపి ఆ హైదరాబాద్ ఆయనతో 58 వేలకి బేరం కుదిరింది.

వీడియో కాల్‌లో ఆయన ఎనిమిది మడతల రెక్సిన్ మధ్యలో పైపింగ్ (సీటు అంచుకి వేసే తాడు లాంటి పట్టీ) పెట్టి కుట్టి చూపించాడు. ఒక్క కుట్టు తప్పలేదు. సగం ఇప్పుడు, సగం మిషన్ చేరాక ఇస్తానన్నాను. "అన్నా, ఇన్నాళ్ళ పరిచయం, నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు. ఆ మాటకి మెత్తబడి మొత్తం ఫోన్‌పే చేసేశాను. ట్రావెల్స్ ఆయన ఇచ్చిన అడ్వాన్స్ అంతా అందులోకే పోయింది, పైన నా సొంతం 18 వేలు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసి ఫోటో పంపాడు. జీఎస్టీ నంబర్ లేదు, మిషన్ నంబర్ లేదు. అది చూసి కూడా ఊరుకున్నాను. ఆ తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

నాలుగో రోజు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి తెచ్చి గోనె విప్పితే గుప్పుమని పెయింట్ వాసన. స్విచ్ వేయగానే గుయ్‌మని మోత. పెడల్ మీద కాలు పెట్టకముందే తిరుగుతోందంటే అది క్లచ్ మోటార్, సర్వో కాదు. మూలల దగ్గర ఒక్కో కుట్టు నిదానంగా వేసుకోవాల్సిన మన పనికి ఆ తేడా ఎంతో మీకు చెప్పక్కర్లేదు. అయినా మోటార్ తర్వాత మార్చుకోవచ్చులే అనుకుని నూనె పోసి, సూది ఎక్కించి, పైపింగ్ పెట్టి మొదలుపెట్టాను. జానెడు దూరం బాగానే కుట్టింది. పైపింగ్ కలిసే చోట కుట్టు వదిలేసింది. 21 నంబర్ సూది తీసి 22 వేశాను. దారం టెన్షన్ సడలించాను, బిగించాను. దారం పీచులు పీచులుగా లేచి తెగిపోతోంది.

అప్పుడు మోటార్ ఆపి, హ్యాండ్ వీల్‌ని చేత్తో నా వైపుకి నెమ్మదిగా తిప్పి చూశాను. కాంపౌండ్ ఫీడ్‌లో సూది రెక్సిన్‌లోకి దిగాక, రెక్సిన్‌తో పాటే అదీ వెనక్కి జరగాలి, లోపలి ఫుట్ కూడా పక్కనే నడవాలి. ఇది గుంజ పాతినట్టు నిటారుగా దిగింది, అలాగే నిటారుగా లేచింది. అది బయటికి వచ్చాకే పై ఫుట్, కింద పళ్ళు కదిలాయి. అంటే ఇది కాంపౌండ్ ఫీడే కాదు, సూదికి కదలిక లేని రకం. దీని ధర వేరు, దీని పని వేరు. నాలుగు పొరలు, మధ్యలో పైపింగ్ పెడితే చాలు, ఆ ఫుట్ జారిపోతోంది.

బాబిన్ తీసి టార్చి వేసి చూస్తే కింద దారాన్ని అందుకునే హుక్ మొన దగ్గర గోరుకి తగిలేంత గాడి. పీచులు లేవడానికి కారణం అదే. సూది అడుగుకి దిగి కాస్త లేచేటప్పుడు ఆ మొన సూది కన్నుకి కొద్దిగా పైన వచ్చి దారాన్ని అందుకోవాలి. అరిగిన మొనతో టైమింగ్ ఎన్నిసార్లు కట్టినా నిలవదు. రెండు గంటలు కట్టి చూశాను. చివరికి నంబర్ ఉండాల్సిన చోట బ్లేడుతో పెయింట్ గీకితే కింద గ్రైండర్ పట్టిన గీతలు. నంబర్ అరగదీసి పైన రంగు వేశారు. వీడియో కాల్ అప్పుడు అనుకోకుండా ఒక స్క్రీన్‌షాట్ తీశాను, ఇప్పుడు అదే నాకు దిక్కు. అందులోని మిషన్‌కి చక్రం పక్కన చిన్న సొట్ట ఉంది. నాకొచ్చినదానికి లేదు.

ఫోన్ చేశాను. నాలుగుసార్లు ఎత్తలేదు. మా ఆవిడ నంబర్ నుంచి చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. గొంతు నాదని తెలియగానే ఆ "అన్నా" పోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సూది కదలడం లేదని చెప్పాను. హుక్ సంగతి చెప్పాను. విన్నంతసేపు విని అన్నాడు: "మిషన్‌కి ఏం కాలేదు. నీకు నడపడం రాదు. ముందెళ్ళి ఎవరి దగ్గరైనా కుట్టడం నేర్చుకో." పక్కన ఎవరో గట్టిగా నవ్వారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. రెండేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. వాడు తల దించుకుని రెక్సిన్ ముక్కలు ఏరుతున్నట్టు కూర్చుండిపోయాడు. 58 వేలు మళ్ళీ సంపాదించుకుంటాను. ఆ పిల్లాడి ముందు వినాల్సి వచ్చిన మాట మాత్రం నన్ను వదలడం లేదు.

"వ్యాపారం కోసం కొన్నావు, నీకు కన్స్యూమర్ కోర్టు కూడా వర్తించదు, దిక్కున్న చోట చెప్పుకో" అని పెట్టేశాడు. తర్వాత రెండు నంబర్లూ బ్లాక్.

ఈ కోర్టు మాటకి మీరెవరూ భయపడొద్దు, ఇది చెప్పడానికే ముఖ్యంగా రాస్తున్నాను. నా దగ్గర కారు సీట్లు వేయించుకున్న ఒక లాయరు గారిని పొద్దున్నే అడిగాను. సొంతంగా పని చేసుకుని పొట్ట పోసుకోవడానికి కొన్న వస్తువైతే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనమూ వినియోగదారులమే. మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, 275 కిలోమీటర్లు తిరగక్కర్లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ముందు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేసుకోమన్నారు, చేశాను.

కొనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. వీలైతే వెళ్ళి మీ రెక్సిన్, మీ దారంతో కుట్టి చూసి కొనండి. వెళ్ళలేకపోతే వీడియోలో మోటార్ ఆపించి చక్రం చేత్తో తిప్పించండి, సూది వెనక్కి జరుగుతోందో లేదో దగ్గరగా చూడండి. బాబిన్ తీయించి హుక్ మొన చూపించమనండి. హెడ్ (టేబుల్, మోటార్ కాకుండా అసలు మిషన్) మీద నంబర్ ఫోటో, అదే నంబర్ రాసిన పక్కా బిల్లు వచ్చేదాకా పైసా పంపొద్దు. ఇవన్నీ నేను మా కుర్రాడికి నేర్పిన విషయాలే. నా దాకా వచ్చేసరికి ఆర్డర్ తొందరలో ఒక్కటీ చేయలేదు.

ట్రావెల్స్ ఓనరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమనిషి, పది రోజులు ఆగుతానన్నాడు. పక్క షాపు బాబాయికి కాంపౌండ్ ఫీడ్ ఉంది, రాత్రి ఎనిమిదికి వాళ్ళు పని ఆపాక కుట్టుకోమని తాళం ఇచ్చాడు. ఈ రాత్రికి ఆరు సీట్లు కోసి పెట్టుకున్నాను. ఆ హెడ్‌ని మాత్రం వచ్చిన గోనెలోనే మళ్ళీ చుట్టి, ట్రాన్స్‌పోర్ట్ చీటీతో సహా మూల పెట్టాను. ఫిర్యాదు తేలేదాకా దాని మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను.